ఇల్లు కట్టే చేతులతో బండి కట్టాం: ఒక వింగర్ క్యాంపర్ వ్యాన్ కథ

ముందు లెక్క చెప్పేస్తాను. బండి సెకండ్ హ్యాండ్ టాటా వింగర్ వ్యాను, డీజిల్. లోపలే వండుకుని, పడుకుని ఊళ్లు తిరిగేలా దాన్ని మార్చడమే పని. పని జరిగింది బెంగళూరు శివార్లలో, హొస్కోటె దగ్గర నా షెడ్డులో. రెండు నెలల్లో ఇచ్చేస్తానన్నాను, ఏడు నెలలు పట్టింది. బండి ధర కాక నాలుగు లక్షలు అవుతుందన్నాను, 5,38,000 అయింది. పైన పడిన లక్షా ముప్పై ఎనిమిది వేలలో తొంభై వేలు చేసిన పనిని పీకి మళ్లీ చేసినందుకే పోయాయి. నేను రాస్తున్నది ఆ తొంభై వేల గురించి.

మాది హిందూపురం. ఇరవై ఏళ్లుగా బెంగళూరులో ఆఫీసులకు ఎ.సి. డక్టులు వేసే పని నాది. కోవిడ్‌లో ఆఫీసులు మూతపడ్డాక షెడ్డు ఖాళీగా ఉండలేక ఒకటి రెండు ఫుడ్ ట్రక్కులు చేశాను. ఆ ధైర్యంతోనే ఈ పని ఒప్పుకున్నాను. బండి యజమాని కందుకూరు వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ మాస్టారు. మారతహళ్లిలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఏడాదిలో నాలుగు నెలలు భార్యతో కలిసి తిరగాలని ఆయన కోరిక. మాస్టారు నాలుగు పేజీల జాబితా రాసుకొచ్చారు. అమ్మగారు మాత్రం మూడే చెప్పారు: "బాబూ, పెరుగు పులవకూడదు. రాత్రిపూట అవసరానికి బయటికి దిగే పని ఉండకూడదు. వంట గ్యాసు మీదే చేస్తా, ఆ కరెంటు పొయ్యి నాకొద్దు." చివరికి బండి రూపం తేల్చింది ఆ మూడే. నాలుగు పేజీలూ ఫైల్లో ఉండిపోయాయి.

నా దగ్గర ఉన్నవాళ్లంతా ఇళ్ల పనివాళ్లే. చిత్తూరు ఆచారి అన్న ఇంటీరియర్లు చేస్తాడు. పావగడ కుర్రాడు అపార్ట్‌మెంట్లకు వైరింగ్ చేస్తాడు. ప్లంబర్ ఒడిశా అతను. నాలుగోవాణ్ని నేను, గదిలో గాలి బయటికి పోకుండా బిగించడమే నా బతుకుతెరువు. నలుగురం మా పనిలో దిట్టలమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

కాగితాలు

దీన్ని త్వరగా ముగిస్తాను గానీ దాటేసి పోవద్దు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్.సి.లో ఉన్నదానికీ పొంతన లేకుండా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. సీట్లు తీసి మంచం వేశామంటే సీట్ల సంఖ్య మారినట్టే, బాడీ రకమూ మారినట్టే. మోటార్ కారవాన్లకు ఎ.ఐ.ఎస్.-124 అని విడిగా ప్రమాణం ఉంది. ఈ పని నా షెడ్డు పేరు మీద కాలేదు, అనుమతి ఉన్న బాడీ బిల్డర్ ద్వారా డ్రాయింగులు పెట్టించాం. అనుమతి చేతికి వచ్చేదాకా ఒక్క సీటు కూడా విప్పలేదు. ఏడు నెలల్లో దాదాపు మూడు దీనికే పోయాయి.

మాస్టారి స్నేహితుడొకాయన "ఎవడు చూస్తాడండీ, ముందు చేసేయండి" అని సలహా ఇచ్చాడు. చూసేవాడు రోడ్డు మీద ఉండకపోవచ్చు, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు కంపెనీలో కచ్చితంగా ఉంటాడు. ఇంకోటి, ఆంధ్రా నంబరు బండి చవగ్గా దొరికిందని కొనేసేవాళ్లు 47వ సెక్షన్ కూడా చూసుకోవాలి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, దాని వెనకే కర్ణాటక లైఫ్ టాక్స్ వస్తుంది. మాస్టారిది కర్ణాటక బండే కాబట్టి ఆ బాధ తప్పింది.

ఆచారి అన్న చెక్క

వింగర్‌కు విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు. మోనోకాక్ కట్టుబడి, అంటే బండి పెట్టె గోడలు, కప్పే దాని అస్థిపంజరం. ఈ సంగతి నాకు ముందే తెలుసు కాబట్టి కప్పు అడ్డ పట్టీలను కోయనివ్వలేదు. గాలి ఫ్యాన్ కోసం పద్నాలుగు అంగుళాల చదరపు రంధ్రం రెండు పట్టీల మధ్యే కొట్టాం. కోసిన అంచుకు ఆ రోజే ప్రైమర్ పూసి, బ్యూటైల్ టేపు మీద ఫ్రేము కూర్చోబెట్టి, చుట్టూ పాలీయురెథేన్ సీలెంట్ వేశాం. బాత్రూముల్లో వాడే సిలికాన్ ఇక్కడ వద్దు. ఆ వెనిగర్ వాసన వచ్చే రకం బోసి ఇనుమును తినేస్తుంది, పైగా దాని మీద రంగు నిలవదు. ఆ కప్పులోంచి ఇప్పటిదాకా ఒక్క చుక్క కారలేదు. ఈ మొత్తం పనిలో మేం మొదటిసారే సరిగ్గా చేసింది ఇదొక్కటే.

వింగర్ గురించి రెండో సంగతిని మాత్రం నేను పట్టించుకోలేదు: దీన్ని లాగేవి ముందు చక్రాలు.

మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్‌లో ఆచారి అన్న తనే వెళ్లి 18 ఎం.ఎం. మెరైన్ ప్లై తెచ్చాడు. ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మంచి సరుకు. ఆరున్నర షీట్లు. ఎనిమిదికి నాలుగు అడుగుల 18 ఎం.ఎం. షీటు ఒక్కటి సుమారు 35 కిలోలు తూగుతుంది. దానికి రెండు వైపులా మైకా. తలుపులకు సాఫ్ట్ క్లోజ్ కీళ్లు. వెనక డోరు దగ్గర కిచెన్, దాని కిందే 60 లీటర్ల నీళ్ల ట్యాంకు, పక్కనే బ్యాటరీ పెట్టె. చూడ్డానికి ఇందిరానగర్ ఫ్లాటులా ఉంది. నేనే ఫొటోలు తీసి పదిమందికి పంపించాను.

కాటా వేయించాం. మొత్తం బరువు ఆర్.సి.లోని హద్దుకు చాలా లోపలే ఉంది. పదమూడు మంది కూర్చునే బండిలో సీట్లు తీసి ఇద్దరికి ఇల్లు చేస్తే ఉండక ఏమవుతుంది? సరేలే అనుకున్నాను. తర్వాతి ఆదివారం నంది కొండ మీదికి ట్రయల్‌కు తీసుకెళ్లాం. తెల్లవారుజామున చినుకులు పడి రోడ్డు తడిగా ఉంది. పైన వంపుల్లో ఒకచోట కారు అడ్డం రావడంతో బండి ఆపాల్సి వచ్చింది. తిరిగి ఎత్తబోతే ముందు చక్రాలు గిర్రున తిరిగాయి గానీ బండి కదల్లేదు. రెండోసారీ అంతే. వెనకాల కార్ల వరుస, హారన్లు. మాస్టారు ఏమీ అనలేదు. అమ్మగారు డాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామి బొమ్మను చూస్తూ కూర్చున్నారు. చివరికి ముగ్గురు కుర్రాళ్లు దిగి నెట్టారు.

సోమవారం మళ్లీ కాటాకు వెళ్లాం. ఈసారి బండి మొత్తాన్ని కాదు, ముందు చక్రాలను మాత్రమే ప్లాట్‌ఫారం మీదికి ఎక్కించి తూయించాను. ఈ పని మొదటి రోజే చేయాల్సింది. దానికి అదనంగా అయ్యేది ఇంకో చీటీ డబ్బులు, అంతే. సీట్లు తీసిన ఖాళీ బండిలో 58 శాతం బరువు ముందు ఇరుసు మీద ఉండేది. ఇప్పుడది 49కి పడిపోయింది. చిన్నప్పటి ఊగే బల్ల గుర్తు తెచ్చుకోండి. వెనక ఇరుసుకు అవతల రెండున్నర అడుగుల దూరంలో 200 కిలోలు పెట్టామనుకుందాం. ఇరుసుల మధ్య దూరం పదకొండు అడుగుల చిల్లర. అంటే ఆ 200 వెనక్కి పడటమే కాదు, ముందు చక్రాల మీంచి సుమారు 45 కిలోలను పైకి లేపుతుంది కూడా. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. లాగాల్సిన చక్రాలకు నేల మీద పట్టే లేకుండా పోయింది.

ఇంట్లో బీరువా ఏ గోడకు పెట్టినా నేల ఒకేలా మోస్తుంది. ఆచారి అన్నకు తెలిసిన నేల అదే.

మళ్లీ చేశాం. నీళ్ల ట్యాంకు, బ్యాటరీ రెండూ డ్రైవరు సీటు వెనక్కి వచ్చాయి. కిచెన్ స్లైడింగ్ డోరు పక్కకి, ఇరుసుల మధ్యకి మారింది. తోకలో తేలికైన మంచం మిగిలింది. పీనియాలో కోయించిన అల్యూమినియం సెక్షన్‌తో అస్థిపంజరం కట్టి, భారం పడేచోట 12 ఎం.ఎం., తలుపులకు 9, మంచం కింద పక్కలకు 6 ఎం.ఎం. ప్లై వాడాం. మైకా బయటివైపు మాత్రమే. చెక్క పని మొత్తం 240 కిలోల నుంచి 130కి దిగింది. ముందు ఇరుసు వాటా 55 శాతానికి వచ్చింది. తర్వాత హార్స్‌లీ కొండ తడి రోడ్డు మీద నాలుగుసార్లు కావాలనే ఆపి ఎత్తాం, ఒక్కసారీ జారలేదు.

ఆచారి అన్నను ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. "ఇంత పల్చటి చెక్కతోనా తమ్ముడా? రేపు ఎవరైనా తట్టి చూస్తే నా పేరు పోదా?" అని అడిగాడు. ఆయన బాధ నిజమైనదే. ఇంటీరియర్ పనిలో చెక్క మందమే పనివాడి మర్యాద. మేకు, ఫెవికాల్ మీద నమ్మకం వదిలించడానికి మాత్రం నేనేమీ చేయాల్సి రాలేదు. పాత కిచెన్ విప్పినప్పుడు సగం స్క్రూలు అప్పటికే వదులై వేలితో తిరిగాయి. అది నాలుగు వందల కిలోమీటర్లు కూడా తిరగని కిచెన్. సాఫ్ట్ క్లోజ్ తలుపులయితే ప్రతి మలుపులోనూ మెల్లగా, మర్యాదగా తెరుచుకునేవి. వాటి బదులు బొత్తాం నొక్కితే లోపలికి దిగి బిగుసుకునే పుష్ లాకులు పెట్టాం.

రాత్రి రెండింటికి ఓమ్స్ లా

బరువు సమస్యను తీర్చబోయి కరెంటు సమస్య తెచ్చుకున్నాం.

కరెంటు లెక్కను యూనిట్లలో చెబుతాను. ఇంటి బిల్లు అలవాటు అందరికీ ఉంది కదా. 45 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు సుమారు అర యూనిట్ తింటుంది. రెండు డి.సి. ఫ్యాన్లు రాత్రంతా తిరిగితే పావు నుంచి మూడో వంతు యూనిట్. దీపాలు, ఫోన్లు, మాస్టారి ల్యాప్‌టాప్, నీళ్ల పంపు కలిపి ఇంకో పావు. వెరసి రోజుకు ఒక యూనిట్ చిల్లర. 12.8 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో రెండున్నర యూనిట్లు పడతాయి. ఎండ మొహం చూడకపోయినా రెండు రోజులు గడుస్తుంది. అమ్మగారు ఇండక్షన్ వద్దనడం ఎంత మంచిదైందంటే, 1,800 వాట్ల పొయ్యికి 12 వోల్టుల దగ్గర 150 ఆంపియర్ల పైన కావాలి. ఆ కేబులు, ఆ ఇన్వర్టరు, ఆ ఫ్యూజు ఖర్చుతో బ్యాటరీ ఇంకోటి కొనొచ్చు. మిక్సీకి మాత్రం వెయ్యి వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టర్ పెట్టాం. పచ్చడి నూరడానికి ఐదు నిమిషాలు చాలు, బ్యాటరీకి అదొక లెక్క కాదు.

బ్యాటరీని ముందుకు జరిపినప్పుడు ఫ్రిజ్ వెనక మంచం కాళ్ల దగ్గరే ఉండిపోయింది. పావగడ కుర్రాడు ఉన్న వైరుకే ఇంకో ముక్క మెలిపెట్టి, ఇన్సులేషన్ టేపు చుట్టి, పొడుగు పెంచాడు. అది ఒకటిన్నర స్క్వేర్ వైరు, అంటే లోపలి రాగి మందం ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లు. ఇంట్లో లైటు, ఫ్యాను, ఫ్రిజ్ దేనికైనా సరిపోయే వైరే. నేనూ చూశాను. నాకూ తప్పుగా అనిపించలేదు.

హార్స్‌లీ కొండ ట్రిప్పులో రెండో రాత్రి మాస్టారి ఫోను వచ్చింది. "నాయనా, పడుకున్నావా? ఫ్రిజ్ ఆగిపోయింది. బ్యాటరీ మీటరేమో డెబ్బై శాతం చూపిస్తోంది." బ్యాటరీ ఫ్రిజ్‌ను తప్పుపడుతోంది, ఫ్రిజ్ బ్యాటరీని తప్పుపడుతోంది. బ్యాటరీని కాపాడే సర్క్యూట్, ఆ బి.ఎం.ఎస్. పాడైందేమో, కంప్రెసర్ పోయిందేమో అని నేను గొణుగుతున్నాను. మాస్టారు మల్టీమీటరు తీసి బ్యాటరీ దగ్గర చూశారు, 13.1 వోల్టులు. మంచం కింద దూరి ఫ్రిజ్ సాకెట్ దగ్గర చూశారు, ఖాళీగా ఉంటే 13.1. ఫ్రిజ్ తగిలించి కంప్రెసర్ లేచే క్షణంలో చూశారు, 11.0. కాసేపు ఆయన నుంచి మాట లేదు. తర్వాత నవ్వు వినిపించింది. "ముప్పై ఒక్క ఏళ్లు తొమ్మిది, పదో క్లాసులకు ఇదే చెప్పానయ్యా! వి ఈజ్ ఈక్వల్ టు ఐ ఆర్. నీ వైరే రెసిస్టెన్సు."

ఆయన నోటితోనే వేసిన లెక్క ఇది: వైరులో పోయే వోల్టులంటే ఆంపియర్లను ఆ వైరు ఓమ్‌లతో గుణించినంత. ఒకటిన్నర స్క్వేర్ రాగి తీగకు మీటరుకు సుమారు 0.012 ఓమ్. పోను ఏడు మీటర్లు, రాను ఏడు మీటర్లు, మొత్తం పద్నాలుగు. రానుపోను రెండూ లెక్కపెట్టాలన్నది చాలామంది మరిచిపోతారు. అంటే 0.17 ఓమ్. కంప్రెసర్ నిలకడగా నడిచేటప్పుడు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది, అప్పుడు ముప్పావు వోల్టు వైరులోనే పోతుంది. లేచేటప్పుడు పది ఆంపియర్ల దాకా లాగుతుంది, అప్పుడు 1.7 వోల్టులు. ఆ మెలిపెట్టిన జాయింట్ ఇంకో 0.4 మింగింది. ఫ్రిజ్ బ్యాటరీ రక్షణ "హై"లో ఉంది, 11.1 వోల్టుల కిందికి వస్తే ఆగిపోతుంది. బ్యాటరీ నిండుగానే ఉన్నా దాని కంటికి ఖాళీ అయినట్టే.

230 వోల్టుల ఇంట్లో రెండు వోల్టులు పోతే ఎవరికి తెలుస్తుంది? పన్నెండులో రెండు పోతే ఆరో వంతు పోయినట్టు. మా కుర్రాడి పదేళ్ల అనుభవంలో వైరు మందం అంటే వేడెక్కకుండా ఉండటం ఒక్కటే. ఆ వైరు వేడెక్కలేదు కూడా, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ రాత్రికి మందుగా రక్షణను "లో"కి మార్పించాను, ఫ్రిజ్ నడిచింది. పెరుగు బతికింది. తిరిగొచ్చాక ఎస్.పి. రోడ్డులో ఆరు స్క్వేర్ వైరు కొని, జాయింట్ లేకుండా ఒకే ముక్కగా లాగి, వైరు కొసలకు వేసే లగ్గులను క్రింపింగ్ పనిముట్టుతో నొక్కించాం. అదే పద్నాలుగు మీటర్లకు ఇప్పుడు 0.05 ఓమ్ కూడా లేదు. కంప్రెసర్ లేచేటప్పుడు అర వోల్టు లోపే పోతోంది.

అదే అదనుగా మొత్తం వైరింగ్ విప్పి చూస్తే ఇంకోటి బయటపడింది, నిజానికి ఇదే ఎక్కువ భయపెట్టింది. కుర్రాడు బ్యాటరీకి ఇంట్లో వాడే ఏ.సి. ఎం.సి.బి. పెట్టాడు, షార్ట్ అయితే తనే పడిపోయే స్విచ్ అది. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాను తాకుతుంది కాబట్టి స్విచ్ తెరిచినప్పుడు లేచే నిప్పు తనంతట తనే ఆరిపోతుంది. డి.సి.కి ఆ సున్నా లేదు. షార్ట్ అయితే ఎం.సి.బి. పడినా లోపల ఆ నిప్పు (ఆర్క్) ఆరకుండా మండుతూనే ఉండొచ్చు. ఇప్పుడు బ్యాటరీ ప్లస్ నుంచి ఒక జానెడు దూరంలో డి.సి. కోసమే చేసిన పెద్ద ఫ్యూజు ఉంది. అక్కడి నుంచి ఒక్కో లైనుకు ఒక్కో బ్లేడు ఫ్యూజు. ఫ్యూజు కాపాడేది వైరునే, ఫ్రిజ్‌ను కాదు. కాబట్టి దాని సైజు వైరును బట్టి ఉండాలి. ఈ ముక్క కుర్రాడికి నేను చెప్పలేదు, మాస్టారే నల్లబల్ల లేని క్లాసు తీసుకుని చెప్పారు.

సోలార్ గురించి నాకు పెద్ద ఉత్సాహం లేదు. 190 వాట్ల ప్యానెళ్లు రెండు కప్పు మీద ఉన్నాయి, కింద రెండంగుళాల గాలి సందు వదిలాం. ఏప్రిల్ ఎండలో గండికోట దగ్గర రోజుకు ఒకటిన్నర యూనిట్ దాకా ఇచ్చాయి. మారతహళ్లిలో మాత్రం బండి ఎత్తు వల్ల అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోకి దూరదు, రోడ్డు పక్కన నిద్రగన్నేరు చెట్టు కింద ఉంటుంది. అక్కడ రోజుకు పావు యూనిట్ వస్తే గొప్ప. పైగా పావురాల రెట్టలు. రెండు ప్యానెళ్లను సిరీస్‌లో కాకుండా పారలల్‌గా కలిపాం, ఒకదాని మీద నీడ పడినా రెండోది తన పని తను చేసుకుంటుంది. నిజంగా ఆదుకునేది 30 ఆంపియర్ల డి.సి.-డి.సి. చార్జరు, అంటే బండి నడిచేటప్పుడు ఇంజను వైపు కరెంటుతో ఈ బ్యాటరీని నింపేది. గంట నడిపితే 0.4 యూనిట్ దాకా నింపుతుంది. హొస్కోటె నుంచి చింతామణి, మదనపల్లె మీదుగా హార్స్‌లీ చేరేసరికి ఒక రోజు ఖర్చు వచ్చేసినట్టే. ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరుకు లిథియం బ్యాటరీని నేరుగా కలపొద్దు. బ్యాటరీ దొరికినంతా లాగేసుకుంటుంది, ఆల్టర్నేటరు కాలిపోవచ్చు.

నీళ్లు, గ్యాసు, మిగతావి

ప్లంబరు సి.పి.వి.సి. పైపులు సాల్వెంట్‌తో అతికించాడు. ఇంట్లో అయితే ముప్పై ఏళ్లు కదలవు. బండిలో రెండో ట్రిప్పుకే పంపు దగ్గర ఎల్‌బో చీలింది. రోడ్డు అదురుకి ఒంగని పైపు, వణికే పంపు, రెండూ ఒకదాన్నొకటి పీక్కున్నాయి. అల్లిక ఉన్న రబ్బరు గొట్టం, స్టీలు క్లిప్పులు వేశాం, ఆరు వేలతో పోయింది.

గ్యాసుకు ఐదు కిలోల సిలిండరు. ఎల్.పి.జి. గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుని కూర్చుంటుంది. అందుకే సిలిండరు పెట్టెను బండి లోపలి గాలితో సంబంధం లేకుండా బిగించి, అడుగున బయటికి రంధ్రం పెట్టాం. డిటెక్టరు నేలకు జానెడు ఎత్తులో ఉంది. ఇంట్లో కిటికీ ఎత్తున బిగించడం అలవాటైన మా కుర్రాడు దీన్ని కూడా పైన పెట్టబోయాడు, ఈసారి నేనే పట్టుకున్నాను.

అమ్మగారి రెండో కోరికకు ఇరవై లీటర్ల పోర్టబుల్ టాయిలెట్ మంచం పక్క పెట్టెలో ఉంది. ఎ.సి. పెట్టలేదు. బెంగళూరు రాత్రులకు అవసరం లేదు, కందుకూరు ఉక్కకేమో ఈ బ్యాటరీ చాలదు. ఊళ్లో అన్నగారి ఇంటి నుంచి వైరు లాగితే చిన్న ఎ.సి. నడిచేలా ఒక సాకెట్ మాత్రం వదిలాం.

నా తప్పు

ముగ్గురి తప్పులూ రాసి నాది దాచుకుంటే బాగుండదు.

ఇన్సులేషన్ నా సొంత విద్య. నైట్రైల్ రబ్బరు షీటు, కప్పుకు 19 ఎం.ఎం., గోడలకు 13. డక్టులకు వేసేదే. రాక్‌వూల్ తడి పీలుస్తుంది కాబట్టి వద్దన్నాను, అది సరైన మాటే. ప్రతి అంచూ టేపు వేసి, తలుపుల రబ్బర్లు మార్చి, నేల రంధ్రాలన్నీ మూసేశాను. ఎ.సి. గదిని బిగించినట్టు బిగించి, చల్లగాలి చుక్క బయటికి పోదని గర్వపడ్డాను. ఇందులో ఎ.సి.యే లేదన్న సంగతి నాకు తట్టలేదు.

హార్స్‌లీ కొండ నాలుగు వేల అడుగుల పైన ఉంటుంది. డిసెంబరు చలికి వాళ్లు అన్నీ మూసుకుని పడుకున్నారు. ఇద్దరు మనుషులు ఒక రాత్రిలో ఊపిరితో, ఒంటి చెమటతో కలిపి అర లీటరు దాకా నీళ్లు గాలిలోకి వదులుతారు. ఆ గాలికి బయటికి దారి లేదు. నేను రబ్బరు వేయలేని కిటికీ ఫ్రేములు, డోరు పట్టీలు, కప్పు ఫ్యాన్ అంచులు చల్లటి ఇనుము. తెల్లారేసరికి వాటి మీంచి చుక్కలు కారి దుప్పటి తడిసింది. కప్పు కారుతోందనుకుని మాస్టారు ఫొటో పంపారు. ఆ చుక్కల్ని చూడగానే నాకు అర్థమైంది. ఆఫీసుల్లో ఇన్సులేషన్ ఊడిన డక్టు కింద నేను వెయ్యిసార్లు చూసిన చుక్కలే అవి.

గాలి రావడానికి మంచం కింద నేలలో జాలీ వేసిన రెండు రంధ్రాలు తెరిచాను. కప్పు ఫ్యాన్‌ను రాత్రంతా అతి తక్కువ వేగంలో, బయటికి పీల్చేలా తిప్పమన్నాను. దానికయ్యే కరెంటు చాలా తక్కువ. చేతికందిన ఇనుపభాగాలన్నిటికీ పల్చటి రబ్బరు ముక్కలు అతికించాను. కప్పు లైనింగ్ ఒక పక్క విప్పి చూస్తే వెనక తడి చేరుతోంది. ఇంకో ఏడాది ఆగి ఉంటే తుప్పు కనిపించేది. ఈ ఒక్క సవరణకు పద్దెనిమిది వేలు. చెక్క పని యాభై రెండు, వైరింగ్ పద్నాలుగు, గొట్టాలు ఆరు. తొంభై వేలు అక్కడికి సరిపోయాయి.

బండి ఇప్పటికి ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన నెల సర్వీసుకు వచ్చినప్పుడు ఫ్యూజులు, గొట్టాల క్లిప్పులు, సీలెంట్ అన్నీ చూశాను. కదిరి రోడ్డులో కిచెన్ వైపు నుంచి ఒక టకటక శబ్దం వస్తోందని అంతకుముందు మాస్టారు చెప్పారు. దాని కోసం రెండుసార్లు అల్యూమినియం సెక్షన్ బోల్టులన్నీ బిగించి ఉన్నాను. ఈసారి నడిపి చూస్తే శబ్దం లేదు. కిచెన్ అర తెరిచి చూశాను. అమ్మగారు గిన్నెకూ గిన్నెకూ మధ్య పాత చీర ముక్కలు మడిచి పెట్టారు. అర మూసేసి తాళం చెవి మాస్టారికి ఇచ్చాను.